అమ్మకు చెప్పకూడని ఆట

పొద్దున్న ఆ ఇంట్లో కుక్కరు కంటే ముందు కోడలు కూతపెడుతుంది. పెద్దాసుపత్రిలో ఎముకల వార్డు నర్సు ఆమె. డ్యూటీ మారే వేళకు అక్కడ ఉండాలంటే ఇక్కడ ఇద్దరు పిల్లల చేత పళ్ళు తోమించి, పాలు తాగించి, తన జడ తాను వేసుకుని బస్సందుకోవాలి.

"సాక్సు ఒక్కటే ఉందేంటి? రెండోది ఏ దేశం పోయింది?"

"తమ్ముడు చేతికి తొడుక్కున్నాడమ్మా. దాంతో మాట్లాడుతున్నాడు," అంది ఏడేళ్ళ కూతురు. ఏ విషయమైనా సాక్ష్యాలు అడిగి, ఇరుపక్షాలా విని గాని ఒప్పుకోదు కాబట్టి ఇంట్లో దాన్ని జడ్జి అంటారు. నాలుగేళ్ళవాడు పిడుగు. వాడికి ఆ పేరు ఎందుకు పెట్టారో వాడిని ఒక్క నిమిషం చూసినవాళ్ళెవరూ అడగరు.

పొయ్యి దగ్గర పాలు దించుతూ అత్తగారు నవ్వింది. "నేను చూసుకుంటాలే అమ్మాయ్, నువ్వు బయల్దేరు. ఇద్దరికీ సెలవులేగా. సాక్సుతో వీళ్ళకేం పని?"

"సాక్సు నాదే అత్తయ్యా!"

ఆ అత్తగారు ఉద్యోగం చేసినంతకాలం ఒక ఇనుప కార్ఖానాలో క్రేను నడిపింది. రేకుల కప్పు కింద వేలాడే చిన్న గదిలో కూర్చుని, ఎర్రగా కాలిన ఇనుప దిమ్మల్ని కిందవాళ్ళ నెత్తిమీదుగా తీసుకెళ్ళి, కోడిగుడ్డు దించినంత మెత్తగా దించేది. కొత్తలో మగవాళ్ళు గుసగుసలాడుకున్నారు. "ఎత్తుకి ఆడా మగా తెలియదు నాయనా, పట్టు ఒక్కటే తెలుసు," అని చెప్పి నిచ్చెన ఎక్కేసింది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఉద్యోగం అయిపోయాక కొడుకు ఇంటికి వచ్చింది. వచ్చిన నెలలోపే వీధి చివర ఉన్న ఆటస్థలాన్ని తన ఇలాకాలోకి తెచ్చుకుంది.

అదేం పెద్ద ఆటస్థలం కాదు. జారుడుబండ, నాలుగు ఉయ్యాలలు, రంగుపోయిన తూగుడుబల్ల, ఇసుక గుంట. వీటన్నిటి మధ్యలో సాలెగూడులా పైకి లేచిన తాళ్ళ వల. ఆ వల కొసకు ఎక్కడమే అక్కడి పిల్లలందరి జీవితాశయం. మిగతా పెద్దవాళ్ళు పిల్లల నడుం పట్టుకుని ఎక్కించేవారు. ఆమె మాత్రం వల కింద నిలబడి ఒకటే మాట అనేది: "నేను ఎక్కించను, దించను. నువ్వే ఎక్కు, నువ్వే దిగు. నేను ఇక్కడే ఉంటాను." పిల్లలకు ఆ మాట తెగ నచ్చింది. ఎవరి పిల్లలైనా సరే, ఆమె గేటు తీసుకుని లోపలికి అడుగుపెడితే "క్రేన్ నానమ్మ వచ్చింది!" అని పరుగెత్తుకొచ్చేవారు.

ఆ పొద్దున్న కోడలు రెండో సాక్సు వెతికి పట్టుకుని, చెప్పులు వదిలి బూట్లు వేసుకుంటుండగా పిడుగు ముందుగదిలో కొత్త ఆట మొదలెట్టాడు. గిర్రున తిరిగాడు. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని "అయ్యో, అయ్యో" అన్నాడు. నేలమీద కూలబడ్డాడు.

"అక్కా, నీళ్ళు! ఇప్పుడు నువ్వు నీళ్ళు తేవాలి!"

"నోర్ముయ్! ఆ ఆట ఆడొద్దన్నానా!" జడ్జి గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువుంది.

కోడలు బూటు లేసు వదిలేసింది. "ఏం ఆటరా అది?"

"నానమ్మ పడిపోయే ఆట," అన్నాడు పిడుగు గర్వంగా.

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"నానమ్మ ఎక్కడ పడిపోయింది?" కోడలు కూతురి వైపు తిరిగింది.

జడ్జి వంటింటి గుమ్మం వైపు చూసింది, తల్లి వైపు చూసింది. "నేను చెప్పను. చెప్పనని మాటిచ్చాను."

అత్తగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "పడలేదమ్మా. కూర్చున్నాను. పడ్డానికీ కూర్చోడానికీ తేడా లేదూ?"

"ఎప్పుడు?"

"ఏదో ఒకరోజు. వల మీద పిల్లల్ని చూద్దామని తల పైకెత్తితే కాస్త తిరిగినట్టయింది. ఇసుకలో కూర్చున్నాను. చిటికెలో సర్దుకుంది."

"రెండుసార్లు," అన్నాడు పిడుగు, వేళ్ళు మూడు చూపిస్తూ.

కొడుకు గడ్డం సగం గీసుకుని, చెంప మీద నురగతోనే వచ్చాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులోంచి మనుషుల్ని బయటికి లాగడం తెలుసు గాని, తల్లికీ భార్యకీ మధ్య ఆగిపోయిన మాటను కదిలించడం తెలియదు. "ఏమైందిప్పుడు?" అన్నాడు.

"మీ అమ్మగారిని అడగండి."

"ఏం లేదురా. నాలుగంతస్తుల ఎత్తున తిరగని కళ్ళు నేలమీద తిరిగాయి. వయసు! దానికి ఇంత పంచాయితీ ఎందుకు?"

కోడలు గొంతు పెంచలేదు. వార్డులో కేకలు పెట్టే రోగుల ముందు మాట్లాడి మాట్లాడి ఆమెకు కోపం వస్తే గొంతు తగ్గడం అలవాటైంది. "అత్తయ్యా, వీళ్ళు ఆ వల మీద ఎంత ఎత్తు ఎక్కినా నేనెప్పుడైనా ఏమైనా అన్నానా? రోజూ చేతులు విరగ్గొట్టుకున్న పిల్లలకు కట్లు కట్టి ఇంటికొస్తాను. అయినా అనలేదు. ఎందుకు? కింద మీరున్నారని. ఆ కింద ఉన్న మనిషే ఇసుకలో కూలబడితే, పైనున్నవాడి సంగతేంటి?"

"వాడు చక్కగా దిగాడు. వాడికి దిగడం నేర్పాను."

"మరి ఏమీ కానప్పుడు దీనిచేత ఎందుకు దాయించారు?"

అత్తగారు ఆరిన చేతుల్నే మళ్ళీ కొంగుకు తుడుచుకుంది.

"కళ్ళు తిరగడం తప్పు కాదు," అంది కోడలు. "ఏడేళ్ళ పిల్ల నెత్తిన అంత మూట పెట్టారు చూడండి, అది తప్పు. వారం నుంచి ఇది సరిగ్గా తినడంలేదు. జ్వరమేమోనని నుదురు తడిమి చూస్తున్నాను నేను."

అంతవరకూ బిగబట్టుకున్న జడ్జి ఒక్కసారి ఏడ్చేసింది. "చెప్తే నువ్వు నానమ్మని పార్కుకి పంపవు. చెప్పకపోతే నానమ్మ మళ్ళీ పడిపోతుంది. మరి నేనేం చెయ్యాలి? ఎవరూ చెప్పలేదు!"

కొడుకు కూతుర్ని ఎత్తుకున్నాడు. నురగ దాని జుట్టుకి అంటుకుంది. పిడుగు అక్క ఏడుస్తోందని తను కూడా రాగం అందుకున్నాడు.

"అయితే ఏం చెయ్యమంటావు?" అత్తగారి గొంతు గట్టిపడింది. "మూలన ఒక కుర్చీ వేసి కూర్చోబెడతావా?"

"కూర్చోబెడతానని నేనన్లేదు. ఇకనుంచి పిల్లల్ని మీరొక్కరూ పార్కుకి తీసుకెళ్ళొద్దు. అంతే." కోడలు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఒక బూటు లేసు ఊడే ఉంది.

ఆ సాయంత్రం ఎండ తగ్గే వేళకు పిడుగు కుడి చెప్పు ఎడమకాలికి, ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "పద నానమ్మా."

"ఇవాళ లేదు నాన్నా."

"ఎందుకు? పార్కు మూసేశారా?"

"లేదు. నానమ్మని మూసేశారు," అంది ఆమె. అని, తన మాటకు తనే నొచ్చుకుంది. జడ్జి కిటికీ దగ్గర బొమ్మల పుస్తకం ముందేసుకుని పేజీ తిప్పకుండా కూర్చుంది. ఆ పిల్ల మాటిమాటికీ ఓరగా తన వైపు చూడటం ఆమె గమనించింది. నానమ్మ బాగానే ఉందా, మళ్ళీ పడిపోతుందా అని కాపలా కాస్తున్న చూపు అది. ఎగిరి దూకాల్సిన వయసులో పిల్ల తనకు కాపలా కాస్తోంది.

పిడుగు ఒక్కడే సోఫా మీంచి దూకడం మొదలెట్టాడు. ఆమె వాడిని వారించలేదు. ఆలోచనలో పడింది.

కార్ఖానాలో ఆమెతోపాటు ఇంకొక క్రేను నడిపే పెద్దాయన ఉండేవాడు. ఒకరోజు ఆయనకు పైన కళ్ళు తిరిగాయని తెలిసింది. అదే రోజు కిందికి దించి గేటు దగ్గర కుర్చీ వేశారు. మంచికే వేశారు. కానీ ఆ తర్వాత ఆయన్ని ఎవరూ ఏ పనికీ పిలవలేదు, సలహా అడగలేదు. వచ్చేపోయేవాళ్ళకు తలూపుతూ ఆయన అక్కడే చిక్కిపోయాడు. ఇసుకలో కూలబడిన క్షణాన ఆమె కళ్ళముందు మెదిలింది ఆ కుర్చీయే. అందుకే జడ్జి చెయ్యి పట్టుకుని "అమ్మకు చెప్పకు తల్లీ" అంది.

కానీ ఇప్పుడు ఆమెకు ఇంకొక మాట కూడా తట్టింది. కొక్కెం కింద మనుషులు తిరుగుతున్నప్పుడు తనకు కళ్ళు తిరిగితే దాచేదా? చచ్చినా దాచేది కాదు. బరువు కిందపెట్టి, గంట కొట్టి, దిగిపోయేది. కార్ఖానా మనుషుల దగ్గర అంత నిజాయితీగా ఉన్నది, సొంత మనవల దగ్గర ఎందుకు లేకపోయింది?

"ఛీ, నా బుద్ధికి," అనుకుంది పైకే.

"ఏంటి నానమ్మా?" అంది జడ్జి వెంటనే.

"ఏం లేదమ్మా. రేపు నేనో పని చేస్తాను. ఇది దాచక్కర్లేదు. ఎవరడిగినా చెప్పు, ఆసుపత్రికెళ్ళిందని చెప్పు."

మర్నాడు కొడుక్కి సెలవు. పిల్లల్ని అతనికి అప్పజెప్పి, ఇస్త్రీ చీర కట్టుకుని, ఆమె ఒక్కతే బస్సెక్కింది. కోడలు పనిచేసే ఆసుపత్రికే వెళ్ళింది. కోడలి పేరు చెబితే లోపలికి తీసుకెళ్ళేవారే, చెప్పలేదు. చీటీ తీసుకుని బల్లమీద అందరితోపాటు కూర్చుంది.

మందుల ట్రే పట్టుకుని అటుగా వెళ్తున్న కోడలు రెండడుగులు ముందుకేసి, ఆగి, వెనక్కి వచ్చింది.

"అత్తయ్యా! ఇక్కడేంటి? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. నాకే. చీటీ తీసుకున్నాను, నా ముందు ఇంకా చాలామంది ఉన్నారు. నువ్వెళ్ళి నీ పని చూసుకో."

"ఒక్కరే వచ్చారా? బస్సులో? కళ్ళు తిరుగుతుంటే?"

"కిటికీ పక్కన కూర్చున్నాను. తల పైకెత్తలేదు."

కోడలు ట్రే పక్కనున్న నర్సు చేతిలో పెట్టి, "వార్డులో చెప్పు, ఇప్పుడే వస్తాను," అంది. వచ్చి అత్తగారి పక్కన బల్లమీద కూర్చుంది. కోడలి బూటు లేసు మళ్ళీ ఊడటం చూసి "కట్టుకో, పడతావు" అంది అత్తగారు. కట్టుకునేలోపు వంతు వచ్చింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నిదానంగా అన్నీ అడిగింది, బీపీ చూసింది, కళ్ళలోకి లైటు వేసింది. తర్వాత మంచం మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టింది.

గది మొత్తం గిరగిరా తిరిగిపోయింది. గోడలు, ఫ్యాను, డాక్టరమ్మ మొహం అన్నీ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. జీవితమంతా ఎత్తున కూర్చుని ఏనాడూ తూలని మనిషి, ఆ మంచం మీద దొరికిన చేతిని గట్టిగా పట్టుకుంది. కోడలి చెయ్యి అది.

"వదలకమ్మాయ్! నాకు భయమేస్తోంది."

"వదలను అత్తయ్యా. ఇక్కడే ఉన్నాను. కళ్ళు మూసుకోవద్దు, నన్ను చూడండి. నన్నే చూడండి."

తిరుగుడు మెల్లగా ఆగింది. డాక్టరమ్మ తలను అటూ ఇటూ పద్ధతిగా తిప్పి, చివరికి లేపి కూర్చోబెట్టింది. "గుండెదీ కాదు, మెదడుదీ కాదు. చెవి లోపల సన్నటి రవ్వల్లాంటివి ఉంటాయి. అవి ఉండాల్సిన చోటునుంచి జారి పక్కదారి పట్టాయి. ఇప్పుడు చేసింది వాటిని వెనక్కి పంపడానికే. ఒకసారికి తగ్గకపోతే ఇంకోసారి చేద్దాం. కొన్నాళ్ళు తల మరీ పైకెత్తకండి. మళ్ళీ ఎప్పుడైనా వస్తే దాచుకోకుండా రండి."

"రోజూ ఇసుకలో కూర్చుంటాను. ఆ ఇసుకేమైనా చెవిలోకి పోయిందేమో?"

డాక్టరమ్మకు నవ్వాగలేదు. "అది కాదండీ, ఇది పుట్టుకతో వచ్చిన ఇసుక."

బయట వరండాలో కోడలు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అత్తగారు తాగుతుంటే, కోడలి కళ్ళనుంచి చప్పుడు లేకుండా నీళ్ళు కారిపోయాయి.

"ఇప్పుడెందుకే ఏడుపు? ఏం లేదందిగా."

"మీరు పడినందుకు కాదు అత్తయ్యా. పడితే లేపడానికి నన్ను పిలవనందుకు." కోడలు చేతివెనకతో కళ్ళు తుడుచుకుంది. "ఈ ఊరి వాళ్ళందరి నాడీ నేనే పట్టి చూస్తాను. ఇంట్లో మనిషి నాకు కనపడకుండా పిల్లచేత నీళ్ళు తెప్పించుకుంది. ఇంట్లో నర్సుండి ఏం లాభం?"

అత్తగారు గ్లాసు కిందపెట్టింది. "నిన్ను నమ్మక కాదమ్మా. చెప్తే నన్ను కుర్చీలో కూర్చోబెట్టేస్తారని భయపడ్డాను. ఆ ఇద్దరితో వీధి చివరిదాకా నడిచే ఆ కాస్తసేపూ నేను పనికొచ్చే మనిషిని. అది పోతుందనుకున్నాను."

"పనికొచ్చే మనిషా!" కోడలు ఏడుపులోనే నవ్వింది. "మీరున్నారనే కదా నేను ఇక్కడ నిశ్చింతగా కట్లు కడుతున్నాను. రెండు రోజులుగా చేతులు కట్లమీద, మనసు ఇంటిమీద. నిన్న ఒకాయనకి మంచిచేతికి కట్టు కట్టబోయాను తెలుసా?"

"అయ్యో! పాపం ఆయనేమన్నాడు?"

"రెండోది నర్సమ్మా అన్నాడు."

ఇద్దరూ నవ్వారు. వరండాలో కూర్చున్నవాళ్ళు వీళ్ళవైపు వింతగా చూశారు. అత్తగారు లేస్తూ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. అక్కర ఉండి వేసింది, దాచుకోకుండా వేసింది.

ఆ ఆదివారం సాయంత్రం అందరూ కలిసి ఆటస్థలానికి వెళ్ళారు. లోపలికి వెళ్ళేముందే అత్తగారు జడ్జిని గేటు పక్కన బెంచీమీద కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుంది.

"జడ్జి గారూ, ఒక తప్పు ఒప్పుకోవాలి. అమ్మకు చెప్పొద్దని నీచేత మాట తీసుకున్నాను. పెద్దవాళ్ళకు దెబ్బ తగిలితే, ఒంట్లో బాగోకపోతే, దాచమని అడగకూడదు. నేను అడిగాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను."

జడ్జి విచారణ మొదలెట్టింది. "మళ్ళీ కళ్ళు తిరిగితే?"

"నేనే చెప్తాను. నేను మర్చిపోతే నువ్వు చెప్పు. గట్టిగా చెప్పు."

"నీమీద కోపం రాదా?"

"వస్తే వస్తుంది. అయినా చెప్పాలి."

జడ్జి తీర్పు నోటితో ఇవ్వలేదు. నానమ్మ మెడచుట్టూ చేతులు వేసి, మొహం ఆమె భుజంలో దాచుకుంది. వారం రోజుల బరువంతా ఆ చిన్న ఒంటిలోంచి దిగిపోతుంటే ఆమెకు తెలిసింది. అంతలోనే పిల్ల విడిపించుకుని "నాన్నా, ఉయ్యాల ఊపు!" అని తండ్రి వెంట పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. అలా చూడకుండా పరుగెత్తడం చూసి ఆమె కళ్ళు చెమర్చాయి.

పిడుగు అప్పటికే వల మీద సగం ఎక్కేశాడు. "నానమ్మా, చూడూ! నేనే! నేనే ఎక్కుతున్నా!"

అలవాటుగా ఆమె తల పైకెత్తబోయింది. ఆగింది. పక్కనే నిలబడి, రెండు చేతులూ గుండెకు అదుముకుని, పిడుగుని కాక ఇసుకను చూస్తున్న కోడలి మోచేతిని పట్టుకుంది.

"అమ్మాయ్, డాక్టరమ్మ నన్ను పైకి చూడొద్దంది. నువ్వు చూసి చెప్పు."

"నా వల్ల కాదు అత్తయ్యా. వీణ్ణి అంత ఎత్తున నేనెప్పుడూ చూడలేదు. ఇలాంటివి వార్డుకి వచ్చాకే చూస్తాను నేను."

"అందుకే ఇప్పుడు చూడు. వార్డుకి రాని వాళ్ళను కూడా చూడాలి కదా. ఏం చేస్తున్నాడు?"

కోడలు ఊపిరి బిగబట్టి తల పైకెత్తింది. "కుడికాలు... కుడికాలు పై తాడుమీద పెట్టాడు. ఒక చెయ్యి వదిలాడు! అత్తయ్యా, వదిలేశాడు!"

"ఇంకోటి పట్టుకున్నాక వదిలి ఉంటాడు. చూడు."

"అవును... పట్టుకున్నాడు. ఎడమకాలు వెతుక్కుంటున్నాడు. దొరికింది. నాలుక బయటపెట్టాడు."

"అది వాడికి ఆలోచన వచ్చినప్పుడు. భయం లేదు. తర్వాత?"

"తర్వాత... ఇంకొకటి ఉంది. అందట్లేదు. ఆగాడు." కోడలి గొంతు సన్నబడింది. అంతలోనే ఒక్కసారి లేచింది. "అందుకున్నాడు! అత్తయ్యా, పైకెక్కేశాడు! కొస పట్టుకున్నాడు! ఒరే పిడుగూ! నా తండ్రే!"

ఉయ్యాలల దగ్గరివాళ్ళంతా తిరిగి చూశారు. పైనుంచి వాడు "అమ్మా! నువ్వు చూశావా? నువ్వే చూశావా?" అని అరుస్తున్నాడు. "చూశాన్రా! అంతా చూశాను!" అని ఆమె కిందనుంచి అరుస్తోంది. చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

అత్తగారు పైకి చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది. పైన జరుగుతున్నదంతా కోడలి మొహంలో కనిపిస్తోంది.

"ఇప్పుడు దిగడమెలా అత్తయ్యా?" అంది కోడలు గుసగుసగా.

"వాడికి తెలుసు. నువ్వు చూస్తూ ఉండు. నాకు చెప్తూ ఉండు."